పిల్లలు కూరలు, పళ్ళు తినాలంటే: వండే తీరు, పెట్టే వేళ, కొనే చోటు

బడిబాక్సు (చర్చ మొదలుపెట్టినవారు)

బళ్ళు తెరిచినప్పటి నుంచి ఈ విభాగంలో ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. పిల్లలు అన్నం తింటారు, పప్పు తింటారు. కూర ముక్క కనబడితే మాత్రం ఏరి కంచం అంచున పెట్టేస్తారు. పళ్ళలో అరటిపండు తప్ప ఇంకోటి ముట్టరు. జవాబులు పది చోట్ల చెదిరిపోయాయి, అన్నీ ఒక్క చోటికి తెద్దామని ఈ చర్చ.

రెండేళ్ళ నుంచి పదేళ్ళ లోపు పిల్లల గురించి మాట్లాడుకుందాం. రోజుకి ఎంత తింటే చాలు? అసలు ముట్టని పిల్లల దగ్గర ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ కూర ఎలా వండితే వాళ్ళ నోటికి నప్పుతుంది? బడి డబ్బాలో ఏది నిలుస్తుంది? మన విశాఖ బజార్లలో ఏ కాలంలో ఏది బాగుంటుంది? కొలతలతో చెప్పండి. "ఆకలేస్తే వాళ్ళే తింటారు" అని ఒక్క మాటలో తేల్చేయకండి, ప్లీజ్.

పోషణ_పట్టిక

ముందు లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల ప్రకారం కూరగాయలు, పళ్ళు కలిపి రోజుకి రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకి కనీసం 250 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి 350 గ్రాములు కావాలి. పదేళ్ళు వచ్చాక పెద్దవాళ్ళతో సమానంగా 400. బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం లాంటివి ఇందులో రావు. గిన్నెడు బంగాళాదుంప వేపుడు తిన్నా అది అన్నం ఖాతాలోకే వెళ్తుంది.

250 అంటే కంగారు పడక్కర్లేదు. నాలుగేళ్ళ పాపకి పొద్దున్న చిన్న చక్కెరకేళి ఒకటి (తొక్క తీస్తే దాదాపు 60 గ్రాములు), బడిలో చిన్న జామకాయ ఒకటి (60), మధ్యాహ్నం పప్పులో పడిన ఆనపకాయ, టమాటా ముక్కలు (50), పక్కన రెండు పెద్ద చెంచాల బెండకాయ కూర (30), సాయంత్రం నాలుగు బొప్పాయి ముక్కలు (50). సరిపోయింది. ఎక్కడా గిన్నెల కొద్దీ కూర లేదు చూడండి. ఒక్క పూటలోనే మొత్తం తినిపించాలనుకుంటేనే గొడవ. అయిదు చోట్లకి పంచితే ఏ పూటా బరువు కాదు.

అలవాటైన కూరయితే వయసుకి ఒక పెద్ద చెంచా చొప్పున వడ్డించండి, మూడేళ్ళకి మూడు చెంచాలు. కొత్తదైతే ఒకే ఒక్క ముక్క. కంచం నిండా కొత్త కూర కనబడితే పిల్లలు మొత్తం కంచాన్నే తోసేస్తారు.

ఇంకో మాట. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు తినమని చెప్పింది. ముందు ఇంట్లో పెద్దవాళ్ళ కంచాలు చూసుకోండి. నాన్న కంచంలో కూర లేకుండా పాప కంచంలో ఎంత పెట్టినా నిలవదు.

పిల్లల_నర్సు

"ముట్టను" అనే దశ గురించి నేను చెప్తాను. రెండు నుంచి ఆరేళ్ళ మధ్య కొత్త తిండి అంటే వెనక్కి తగ్గడం ఎదుగుదలలో మామూలే, అది మొండితనం కాదు. ఒక కూరగాయ నోటికి అలవాటు కావడానికి సాధారణంగా ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాన్ని రుచి చూడాల్సి ఉంటుంది. చాలా ఇళ్ళలో రెండో మూడో సారికే "వీడికి బీరకాయ పడదు" అని ముద్ర వేసి మానేస్తారు. అక్కడే ఆగిపోతుంది.

ఒక్కసారి అంటే కడుపునిండా తినడం కాదు. చూడ్డం, చేత్తో పట్టుకోవడం, వాసన చూడ్డం, నాలికకి తాకించడం, కొరికి ఉమ్మేయడం, మింగడం. ఈ మెట్లు ఒక్కోటి ఎక్కుతారు. ఉమ్మేయడానికి కంచం పక్కన చిన్న గిన్నె పెట్టండి. ఉమ్మొచ్చని తెలిస్తేనే కొరకడానికి ధైర్యం వస్తుంది.

వేళ చాలా ముఖ్యం. భోజనానికి ముందు రెండున్నర, మూడు గంటలు నీళ్ళు తప్ప ఏమీ వద్దు. బడి నుంచి నాలుగింటికి వచ్చి బిస్కెట్లు, పాలు, చిప్స్ తిన్న బిడ్డ ఏడున్నరకి కూర ముట్టకపోవడంలో వింతేముంది? ఆ నాలుగింటి ఆకలే కూరకి, పండుకి అసలైన వేళ. ఇంట్లోకి రాగానే బల్ల మీద కోసిన కీరా, జామ, ఉడికించిన క్యారెట్ సిద్ధంగా ఉంచండి. "తింటావా?" అని అడగక్కర్లేదు, ఎదురుగా ఉంచితే చాలు. పాలు రోజు మొత్తం మీద అర లీటరు దాటనివ్వకండి. దాటితే ఆకలి చస్తుంది, ఐరన్ కూడా తగ్గుతుంది.

ఏది, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలన్నది పెద్దవాళ్ళ నిర్ణయం. తినాలా, ఎంత తినాలా అన్నది పిల్లల నిర్ణయం. ఈ గీత రెండు వైపులా దాటకూడదు. ఇరవై, ముప్పై నిమిషాలయ్యాక ఏమీ అనకుండా కంచం తీసేయండి.

గోపాలపట్నం_నాన్న

రెండు సందేహాలండీ. ఒకటి, "కూర తింటే చాక్లెట్ ఇస్తాను" అనే పద్ధతి. రోజు గడవాలి కదా, అది పూర్తిగా తప్పేనా? రెండు, మన ఇళ్ళలో నాయనమ్మలు, అమ్మమ్మలు కూర, పప్పు, అన్నం మెత్తగా కలిపి ముద్దలు చేసి, ఫోన్ చూపిస్తూ పెడతారు. కడుపు నిండుతుంది. దాన్ని ఆపమని పెద్దవాళ్ళకి ఎలా చెప్పాలి?

పిల్లల_నర్సు

చాక్లెట్ ఎర వేస్తే ఆ పూటకి ముక్క లోపలికి వెళ్తుంది. కానీ పిల్లల మనసులో కూర అంటే శిక్ష, చాక్లెట్ అంటే బహుమతి అని ముద్ర పడిపోతుంది. కూర మీద ఇష్టం తగ్గి తీపి మీద ఇష్టం పెరుగుతుంది. ఏదైనా ఇవ్వాలనుకుంటే తిండి కాని వస్తువు ఇవ్వండి. క్యాలెండర్ మీద ఒక స్టిక్కర్ చాలు. అది కూడా కొత్త కూర రుచి చూసినందుకే, కంచం ఖాళీ చేసినందుకు కాదు.

ముద్దల సంగతి. ముద్ద పెట్టే చేతిని ఆపకండి, ఆ ప్రేమ పిల్లలకి కావాలి. రెండు మార్పులు అడగండి చాలు. మొదటిది, ముద్దలో కలిపిన కూరే ఒక ముక్క విడిగా కంచంలో కనబడాలి. రోజూ తింటున్నది బీరకాయ అని బిడ్డకి తెలియకపోతే, రేపు బడిలోనో చుట్టాలింట్లోనో బీరకాయ ముక్క చూసి కొత్త వస్తువనుకుంటుంది. రెండోది, ఫోన్ బదులు మాట. ఫోన్ చూస్తూ తినే బిడ్డకి ఏం తింటున్నదీ, కడుపు ఎప్పుడు నిండిందీ తెలియదు. నాయనమ్మ చెప్పే కథ ఫోన్ కంటే బాగా పనిచేస్తుంది. పెద్దావిడని తప్పుపట్టినట్టు కాకుండా, "అత్తయ్యా, మీరు చెప్తే వింటాడు, ఈ ముక్క పేరేంటో మీరే చెప్పండి" అని ఆ పని ఆవిడ చేతికే ఇవ్వండి.

వాల్తేరు_వంటిల్లు

పిల్లలు కూర వద్దన్నప్పుడు ఎక్కువసార్లు అడ్డొచ్చేది రుచి కాదండీ, నోట్లో అది ఉండే తీరు. జిగురు, పీచు, నీళ్ళోడడం, పళ్ళకి గరగరలాడడం. అవి వండే తీరుతో సరిచేయొచ్చు.

బెండకాయ: పావుకిలో లేతవి తీసుకోండి. కొస పట్టి వంచితే టక్కున విరగాలి, వంగి ఊరుకుంటే ముదురు. కాయల్ని కడిగి గుడ్డ మీద అరగంట ఆరబెట్టాకే కోయండి. తడి కాయ కోస్తే చాకుకే జిగురు తీగలు సాగుతాయి, ఆ తీగలే మూకుట్లోకి వస్తాయి. వెడల్పాటి మూకుట్లో రెండు పెద్ద చెంచాల నూనె వేడెక్కాక ముక్కలు ఒకే వరసలో పరవండి. గుట్టగా పోస్తే వేగవు, ఉడుకుతాయి. అయిదు నిమిషాలు పెద్ద మంట, తర్వాత పది నిమిషాలు మధ్య మంట. మూత వద్దు, ఆవిరి నీరై లోపలికే దిగుతుంది. ఉప్పు దించే ముందు రెండు నిమిషాలకే. ముందే వేస్తే ముక్క నీరొదిలి జిగురు మళ్ళీ మొదలవుతుంది. అట్లకాడతో మాటిమాటికి కలపకండి, మూడు నాలుగు సార్లు చాలు. అంచులు గోధుమ రంగుకి తిరిగి, ముక్కలు ఒకదాన్నొకటి వదిలేస్తే అయినట్టు. పిల్లలకి చక్రాల కంటే, కాయని నిలువుగా నాలుగు చీలికలు చేస్తే ఇష్టం. చేత్తో పట్టుకుని కొరుక్కుంటారు.

ఆనపకాయ: కోసిన వెంటనే చిన్న ముక్క నాలిక మీద పెట్టుకోండి. చేదుంటే కాయ మొత్తం పారేయండి. వండినా ఆ చేదు పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కీరా, బీర, పొట్లకి కూడా ఇదే పరీక్ష. బాగుంటే పెసరపప్పుతో గాని పాలు పోసి గాని వండండి. పాలు విరగకుండా ఉండాలంటే ముక్క పూర్తిగా ఉడికి నీరు ఇగిరాక, పొయ్యి కట్టేసి రెండు నిమిషాలు ఆగి, కాచి చల్లార్చిన పాలు పావు గ్లాసు పోయాలి. ఆ కూరలో టమాటా, చింతపండు వద్దు.

పాలకూర తింటే పళ్ళు గరగరలాడతాయని పిల్లలు చెప్పేది నిజమే, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం వల్ల. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం వేసి, ఆ నీళ్ళు పారబోసి, ఆకుని పప్పులో కలపండి. గరగర బాగా తగ్గుతుంది. తోటకూర కాడలు పీచు తీసి వేయండి. ఏ ఆకుకూరయినా ఒక చెంచా నూనె గాని నెయ్యి గాని ఉండాలి, లేకపోతే అందులోని విటమిన్-ఎ ఒంటికి సరిగా పట్టదు. దించాక నిమ్మరసం నాలుగు చుక్కలు పిండితే ఐరన్ కూడా బాగా అందుతుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ ఎక్కువసేపు ఉడికితే గంధకం వాసన లేస్తుంది, పిల్లలు ముక్కు మూసుకునేది అందుకే. సన్నగా తరిగి, అరగంట నానిన పెసరపప్పు రెండు చెంచాలు వేసి, మూత లేకుండా ఆరేడు నిమిషాల్లో దించేయండి. కొరికితే కాస్త కరకరలాడాలి. పైన పచ్చికొబ్బరి.

కాకరకాయ అయిదారేళ్ళ లోపు పిల్లలకి తొందర పెట్టకండి. మొదలుపెట్టినప్పుడు పలుచటి చక్రాలు కోసి గింజలు తీసి, ఉప్పు, పసుపు రాసి ఇరవై నిమిషాలుంచి గట్టిగా పిండండి. పల్చటి మజ్జిగలో సగం ఉడికించి, ఆ నీళ్ళు వంపి, చింతపండు, బెల్లంతో దగ్గరపడనివ్వండి. పావుకిలోకి నిమ్మకాయంత బెల్లం.

బీట్‌రూట్ పెట్టిన మర్నాడు కొందరు పిల్లలకి మూత్రం ఎర్రగా వస్తుంది. కంగారు పడకండి, అది రంగే.

ఎంవీపీ_డబుల్‌బెడ్రూం

ఇంత ఓపిక అందరికీ ఉండదు కదా అక్కా. ఉద్యోగాలకెళ్ళే ఇళ్ళలో దోసె పిండిలో క్యారెట్ తురుము, చపాతీ పిండిలో పాలకూర కలిపేస్తే పిల్లలకి తెలియకుండానే వెళ్ళిపోతుంది. తప్పేముంది?

వాల్తేరు_వంటిల్లు

కలపడం తప్పు కాదమ్మా, చాటుగా కలపడమే తప్పు. ఎప్పుడో ఒకరోజు పచ్చటి చుక్క పిల్లల కంట్లో పడుతుంది. ఆ రోజు నుంచి దోసెని కూడా అనుమానంగా చూస్తారు, ఉన్న తిండీ పోతుంది. "ఇది క్యారెట్ దోసె" అని పేరు పెట్టి వడ్డించండి. కొలతలు: రెండు గరిటెల దోసె పిండికి ఒక పెద్ద చెంచా సన్నటి తురుము. మించితే పెనం మీద దోసె తిప్పేటప్పుడు విరుగుతుంది. తురుము పిండిలో కలిపి నిలవ ఉంచకండి, నీరొదిలి పులుస్తుంది. దోసె పోశాక పైన చల్లి అట్లకాడతో అద్దండి. చపాతీకి కప్పు పిండికి పావు కప్పు పాలకూర ముద్ద, నీళ్ళు ఆ మేరకి తగ్గించాలి. పిండి కలిపాక పావుగంట దాటి ఉంచితే జారుతుంది.

పోషణ_పట్టిక

ఇక్కడ నేను ఎంవీపీ_డబుల్‌బెడ్రూం గారి వైపు కూడా కొంత మాట్లాడాలి. ఏ కూరా ముట్టని బిడ్డకి కలిపిన దోసె ఆ రోజు లెక్కని కాపాడుతుంది, అది చిన్న విషయం కాదు. అయితే ఒక చెంచా తురుము పది గ్రాములే. అది పెట్టేసి ఈ పూట కూర అయిపోయిందనుకోకండి. పక్కన చూడ్డానికైనా సరే ఒక ముక్క ఉండనివ్వండి.

రైతుబజార్_రోజూ

నేను బజారు సంగతి చెప్తానండీ. మన రాష్ట్రంలో రైతు బజార్లు 1999లో మొదలయ్యాయి. విశాఖలో ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, నరసింహనగర్, కంచరపాలెం, గోపాలపట్నం, గాజువాక, మధురవాడ, ఎవరికి దగ్గర్లోది వాళ్ళకుంది. ఆదివారం పొద్దున్న గుంటల్ని వెంట తీసుకెళ్ళండి. ఏడు గంటలకల్లా వెళ్తే ఆకుకూర వాడకుండా దొరుకుతుంది, ఎండ ఉండదు, తోపులాట ఉండదు.

తీసుకెళ్ళి చెయ్యి పట్టుకు లాక్కొచ్చేస్తే లాభం లేదు. చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, "ఈ వారం ఒక కూర నువ్వే కొను" అనండి. ధరల బోర్డు వాళ్ళ చేత చదివించండి. బెండ కొస విరిచి చూడ్డం, ఆనపకాయకి గోరు గుచ్చి లేతదో ముదరో చూడ్డం, వంకాయ ముచ్చిక పచ్చగా ఉందో లేదో చూడ్డం నేర్పండి. తను ఎంచి తెచ్చిన కాయ కంచంలోకి వస్తే కనీసం కొరికి చూస్తారు. అయితే "బెండా, బీరా?" అని రెండింటి మధ్యే ఎంచుకోనివ్వండి. "ఏం కావాలి?" అనడిగితే మొక్కజొన్న పొత్తు దగ్గరే ఆగిపోతారు.

కాలాల సంగతి. ఏప్రిల్, మే నెలల్లో సువర్ణరేఖ మామిడి, మన ఉత్తరాంధ్ర సొంత పండు. దాంతో పాటు తాటి ముంజలు, ఈత పళ్ళు, పనస తొనలు. జూన్, జూలైలో నేరేడు, ఏజెన్సీ అనాస. వానలు తగ్గాక సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా పాడేరు, అరకు వైపు నుంచి సీతాఫలాలు దిగుతాయి. చలికాలంలో చిక్కుడు, క్యారెట్, కాలీఫ్లవర్, పచ్చి బఠానీ, జామ, ఉసిరి, సంక్రాంతికి రేగుపళ్ళు. పిల్లలకి కొత్త కూర అలవాటు చేయాలంటే చలికాలమే మంచిది. కాయ లేతగా, తియ్యగా, చవగ్గా ఉంటుంది. అదే క్యారెట్ మే నెలలో కొంటే నడుమ దుంప కట్టెలా ఉండి పిల్లలు ఉమ్మేస్తారు. తప్పు వాళ్ళది కాదు.

మామిడి కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కార్బైడ్ పెట్టి మగ్గించడం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో మగ్గించడానికి మాత్రం పరిమితి మేరకు అనుమతి ఉంది. పండు ఒళ్ళంతా ఒకే పసుపు రంగు ఉండి, తొడిమ దగ్గర వాసన రాకపోతే, కోస్తే లోపల తెల్లగా పుల్లగా ఉంటే అనుమానించండి. దోర కాయలు తెచ్చుకుని ఇంట్లో బియ్యం డబ్బాలోనో గడ్డిలోనో మగ్గేయడం అన్నిటికంటే మేలు. ఏ పండయినా కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడగండి, సబ్బు వద్దు. కాలీఫ్లవర్ పువ్వులు విడదీసి ఉప్పు, పసుపు వేసిన గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలుంచితే పురుగు పైకి తేలుతుంది.

బడిబాక్సు

చాలా ఉపయోగంగా ఉందండీ. ఇప్పుడు డబ్బా సంగతి. పొద్దున్న ఏడున్నరకి కట్టినది పదిన్నరకో, మధ్యాహ్నమో తింటారు. మన ఉక్కపోతలో ఏది నిలుస్తుంది?

వాల్తేరు_వంటిల్లు

ఉక్కలో కోసిన పండు రెండు గంటలు దాటితే మంచిది కాదు, ఎండ మండే నెలల్లో అంతకంటే తక్కువే. అందుకే డబ్బాలో తన తొక్కలోనే ఉండే పండు పెట్టండి. చిన్న అరటిపండు, కమలా, సపోటా, పూర్తి జామ. కమలా తొక్కకి నిలువుగా నాలుగు గాట్లు పెట్టి పంపితే పిల్లలు వాళ్ళే ఒలుచుకుంటారు. ఒలుచుకోవడం రాకే చాలా కమలాలు ఇంటికి తిరిగొస్తాయి. సపోటా గింజలు మాత్రం చిన్న పిల్లలకి ఇంట్లోనే తీసి పెట్టండి, కొస వంపుగా ఉండి గొంతులో గుచ్చుకుంటుంది.

దానిమ్మ గింజలు, కోసిన యాపిల్ రెండు గంటల్లో తినేట్టయితేనే పెట్టండి. యాపిల్ నల్లబడకుండా గ్లాసు నీళ్ళలో పావు చెంచా ఉప్పు కలిపి, ముక్కలు అయిదు నిమిషాలుంచి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది పెట్టండి. పుచ్చకాయ, బొప్పాయి ఇంటికే, డబ్బాలో నీరై పక్కనున్నదాన్ని కూడా పాడుచేస్తాయి. కూర వేడిగా ఉన్నప్పుడు మూత బిగించకండి. ఆవిరి చెమ్మ పట్టి బెండకాయ వేపుడు మెత్తబడుతుంది, పిల్లలు మూత తీసి మూసేస్తారు. పళ్ళెంలో పది నిమిషాలు ఆరనిచ్చి సర్దండి.

పిల్లల_నర్సు

డబ్బా మాట వచ్చింది కాబట్టి ఇది అందరూ చదవండి. అయిదేళ్ళ లోపు పిల్లలకి గుండ్రటి ద్రాక్ష అలాగే ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి, అడ్డంగా కాదు. నేరేడు, రేగు, సీతాఫలం గింజలు తీసి గుజ్జే పెట్టాలి. పచ్చి క్యారెట్ ముక్కలు వద్దు. వేలంత పొడుగు కోసి అయిదారు నిమిషాలు ఆవిరి మీద ఉంచండి, వేళ్ళ మధ్య నొక్కితే నలగాలి. తినేటప్పుడు కూర్చునే తినాలి. పరిగెడుతూ, ఆటోలో ఊగుతూ తినకూడదు.

పళ్ళరసం పండుకి బదులు కాదు. భారత పిల్లల వైద్యుల సంఘం 2019లో రెండేళ్ళ లోపు రసం వద్దంది. రెండు నుంచి అయిదేళ్ళ వాళ్ళకి రోజుకి 125 మి.లీ., ఆపైన 250 మి.లీ. మించొద్దంది. నాలుగు కమలాలు పిండితే వచ్చే రసం బిడ్డ రెండు నిమిషాల్లో తాగేస్తుంది, పీచు పోతుంది, చక్కెరంతా మిగులుతుంది. నాలుగు కమలాలు కూర్చుని తినమంటే ఏ బిడ్డా తినదు. ఆ తేడా గుర్తుంటే చాలు.

మేడమీద_తోట

చిన్నగా ఒక మాట. తను నీళ్ళు పోసిన మొక్క ఆకుని పిల్లలు వద్దనడం తక్కువ. ఆరంగుళాల లోతు తొట్టెలో రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలపండి. మెంతి 20-25 రోజులకి, తోటకూర 25-30 రోజులకి కోతకొస్తుంది. పిల్లల ఓపిక అంతకంటే ఎక్కువ నిలవదు, అందుకే టమాటాతో మొదలుపెట్టకండి. ముల్లంగికి అడుగు లోతు కావాలి, 40-45 రోజులు పడుతుంది. నేలలోంచి తెల్లటి దుంప పీకే సరదా మాత్రం ఆ ఎదురుచూపుకి తగినదే.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు మేడల మీద ఉప్పుగాలికి ఆకు అంచులు మాడతాయి. పొద్దున్నే మంచినీళ్ళు ఆకుల మీద చిలకరించి ఉప్పు కడగండి. సముద్రం వైపు షేడ్ నెట్ కట్టండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల ముందు తొట్టెలు పిట్టగోడ మీద నుంచి కిందకి దించేయాలి.

కంచరపాలెం_టీచరు

సర్కారు బడి వైపు నుంచి. పీఎం పోషణ్ (కేంద్రం మధ్యాహ్న భోజన పథకం) నిబంధనల ప్రకారం మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకి రోజుకి 50 గ్రాముల కూరగాయలు, ప్రాథమికోన్నత తరగతుల వాళ్ళకి 75 గ్రాములు ఉండాలి. అంటే బడి తిండి తోడ్పాటే, మిగిలిన లెక్క ఇంట్లోనే పూర్తవ్వాలి. సాంబారులో ముక్కలు మరీ పెద్దవైతే పిల్లలు పంపు దగ్గర పారబోస్తారు. అరంగుళం ముక్కలైతే అన్నంతో పాటే తినేస్తారు. తల్లిదండ్రుల సమావేశాల్లో వంట చేసే అమ్మలతో ఈ మాట చెప్పండి, వాళ్ళు వింటారు. వరసలో ముందు కూర్చున్న ఇద్దరు పిల్లలు ఇష్టంగా తింటే పక్కవాళ్ళూ తింటారు. ఇంట్లో ముట్టని వంకాయ బడిలో తినే పిల్లలు అందుకే కనబడతారు.

గోపాలపట్నం_నాన్న

ఇవన్నీ చేసినా కదలకపోతే ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలండీ?

పిల్లల_నర్సు

బరువు పెరగడం ఆగినా, తగ్గినా. తినే పదార్థాలు అన్నీ కలిపి ఇరవై లోపే ఉండి, ఉన్నవి కూడా ఒక్కోటి మానేస్తున్నా. ముక్క తగిలితే ప్రతిసారీ డోకు వచ్చినా, మింగేటప్పుడు దగ్గు వచ్చినా. మట్టి, సుద్ద, బలపం తింటున్నా. అది ఐరన్ లోపం కావచ్చు, రక్త పరీక్షతో తెలుస్తుంది. మలబద్ధకం ఉన్న పిల్లలకి ఆకలే పుట్టదు, ముందు దాన్ని నయం చేయాలి. కేజీహెచ్ (విశాఖ సర్కారు పెద్దాసుపత్రి) పిల్లల విభాగంలో గాని మీ పిల్లల డాక్టరుతో గాని చూపించండి. వారం రోజులు ఏం తిన్నారో కాగితం మీద రాసి తీసుకెళ్తే డాక్టరుకి సగం పని తేలికవుతుంది. టానిక్‌లు మీ అంతట మీరు కొని పోయకండి.

ఎంవీపీ_డబుల్‌బెడ్రూం

చివరగా ఒకటి. పదిహేను సార్లు అంటే పదిహేను రోజులు వరసగా బీరకాయేనా? ఇంట్లో పెద్దవాళ్ళే పారిపోతారు.

పోషణ_పట్టిక

వరసగా వద్దు. రెండే కూరలు ఎంచుకోండి, ఉదాహరణకి బీర, క్యారెట్. సోమ, గురువారాలు బీర. మంగళ, శుక్రవారాలు క్యారెట్. మిగిలిన రోజులు పిల్లలు ముందు నుంచి తినేవే. ప్రతిసారీ పక్కన వాళ్ళకి బాగా ఇష్టమైనది ఒకటి ఉండాలి, పెరుగన్నమో పప్పో. ఈ లెక్కన రెండు నెలల్లో ఒక్కో కూర పదిహేను సార్లు కంచంలోకి వస్తుంది. వండే తీరు మార్చుకోవచ్చు. బీరకాయ ఒకరోజు పప్పులో, ఒకరోజు పాలు పోసి, ఒకరోజు బీరపొట్టు పచ్చడిగా. కాకపోతే మొదటి నాలుగైదు సార్లు ఒకే తీరులో పెట్టండి, గుర్తుపట్టేదాకా. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అతికించి, ఏ రోజు చూశారు, ఏ రోజు నాలికకి తాకించారు, ఏ రోజు మింగారు అని ఒక్కో గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం మీకోసమే, పిల్లలకి చూపించి లెక్కలు చెప్పడానికి కాదు. పదిహేను దాటినా ముట్టకపోతే ఆ కూర మూడు నెలలు పక్కన పెట్టి, దాని చోట దొండో చిక్కుడో మొదలుపెట్టండి.